వీడియో పెట్టేస్తే పాఠం చెప్పినట్టా?

నలభై నిమిషాల క్లాసును ఫోను స్టాండుకు బిగించి రికార్డు చేస్తారు. యూట్యూబులో ఎక్కిస్తారు. లింకు వాట్సాప్ గ్రూపులో పడుతుంది. ఆ రోజుకి ఆన్‌లైన్ పాఠం అయినట్టు రిజిస్టర్లో రాసుకుంటారు. ఈ పద్ధతి మీద నా అభ్యంతరం వీడియో నాణ్యత గురించి కాదు. స్టూడియో కట్టి, ఖరీదైన మైకు పెట్టి తీసినా ఇదే మాట అంటాను. వీడియోను అసలు పాఠంగా పెట్టుకుని, మిగతావన్నీ దానికి తగిలించే తోకలుగా చూడటంలోనే తప్పుంది. ముందు పాఠం అక్షరంలో ఉండాలి, అదీ యూనికోడ్ తెలుగులో, అంటే ప్రతి అక్షరానికీ ఏ ఫోనైనా గుర్తుపట్టే సొంత సంకేతం ఉన్న తెలుగులో. ఆడియో, వీడియో, బ్రెయిలీ, సైగల అనువాదం, పరీక్ష అన్నీ దాన్నుంచి పుట్టాలి.

పిండి ఉంటే దోసె పోసుకోవచ్చు, ఇడ్లీ వేసుకోవచ్చు, మర్నాటికి పునుగులూ వేసుకోవచ్చు. దోసెను మళ్ళీ పిండి చెయ్యలేం. యూనికోడ్ పాఠాన్ని ఫోను చదివి వినిపిస్తుంది, చూపు తక్కువున్న పిల్ల అక్షరం పెద్దది చేసుకుంటుంది, లిబ్‌లూయీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ దాన్ని మన భాషల బ్రెయిలీ అయిన భారతీ బ్రెయిలీలోకి మారుస్తుంది, పరీక్ష ముందురోజు ఎవరైనా "నిరోధం" అని వెతికితే దొరుకుతుంది. రికార్డు చేసిన వీడియో వీటిలో ఏ ఒక్కటీ తనంతట తాను కాలేదు.

డబ్బుల లెక్క కూడా చూడండి. 360పీ వీడియోకి సెకనుకు 500 కిలోబిట్లు అనుకుంటే నలభై నిమిషాలకు 150 ఎంబీ అవుతుంది. రోజుకు అయిదు పాఠాలంటే 750 ఎంబీ. రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే ప్యాకులో సగం ఒక్కళ్ళకే ఖర్చు. ఇంట్లో ఇద్దరు చదువుకుంటుంటే సాయంత్రానికి ఖాళీ. అదే పాఠం మాటను 32 కిలోబిట్ల ఆడియోగా ఇస్తే పది ఎంబీ లోపే. అక్షరాల్లో ఇస్తే? తెలుగు అక్షర సంకేతం ఒక్కోటి మూడు బైట్లు తీసుకుంటుంది. నలభై నిమిషాల్లో పలికే సుమారు నాలుగు వేల మాటలు కలిపినా నూరు కేబీకి కాస్త అటూ ఇటూ. టూజీ సిగ్నల్ మీద కూడా దిగుతుంది.

ఫోను ఎవరి చేతిలో ఉంటుందన్నది వేరే సంగతి. 2017–18లో జరిగిన జాతీయ నమూనా సర్వే 75వ రౌండు ప్రకారం దేశంలో ఇంటర్నెట్ వసతి ఉన్న ఇళ్ళు నాలుగో వంతు కూడా లేవు, గ్రామాల్లో అయితే 15 శాతం. ఆ తరవాత ఫోన్లు బాగా పెరిగాయి. కానీ పిల్లల చదువు మీద జరిపే అసర్ సర్వే 2021లో చూస్తే, ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉన్న పిల్లల్లోనే నాలుగో వంతు మందికి అది చదువుకోసం చేతికి అందలేదని తేలింది. ఫోను నాన్నతోపాటు పొద్దున్నే పనికి పోతుంది, రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరుతుంది. అక్కకూ తమ్ముడికీ కలిపి గంటన్నర. ఈ ఇంటికి పొద్దున పదింటి లైవ్ క్లాసు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఓటీపీతో లాగిన్ అవ్వమనే యాప్ అంతకన్నా దారుణం. పిల్ల చేతిలో పాత ట్యాబు ఉంటుంది, ఓటీపీ మాత్రం ఎక్కడో లారీ నడుపుతున్న తండ్రి ఫోనుకు వెళుతుంది. లాగిన్‌కి హాల్‌టికెట్ నంబరూ, పిల్ల పెట్టుకున్న నాలుగంకెల పిన్నూ చాలు. దేనికైనా గడువు వారం ఉండాలి, అందులో ఒక ఆదివారం పడాలి.

ఇదంతా కొత్త జ్ఞానమేమీ కాదు. 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇప్పుడు అంబేద్కర్ పేరుతో ఉన్నది) మొదలైనప్పుడు దాని బలం పాఠ్యపుస్తకమే. పాఠం మొదట్లో లక్ష్యాలు, మధ్యమధ్యలో ఆగి జవాబు రాసుకోమనే ప్రశ్నలు, చివర వాటి జవాబులు. రేడియో పాఠం, ఆదివారం క్లాసు దానికి తోడు. గురువు పక్కన లేనప్పుడు పుస్తకమే గురువులా మాట్లాడాలని దూరవిద్యలో పనిచేసిన వాళ్ళకు తెలుసు. చవగ్గా కెమెరా దొరికేసరికి మనం ఆ విద్య మర్చిపోయాం.

అక్షరం ఉంది, కానీ అది అక్షరమేనా?

"మేం పీడీఎఫ్ కూడా ఇస్తున్నాం కదా" అనే జవాబు వెంటనే వస్తుంది. అక్కడే తెలుగుకు ప్రత్యేకమైన తంటా ఉంది. ఆ పీడీఎఫ్‌ను ఫోనులో తెరిచి, ఒక మాట మీద వేలు నొక్కిపట్టి, కాపీ చేసి వాట్సాప్‌లో అతికించి చూడండి. తెలుగు తెలుగుగానే పడితే సంతోషం. అసలు మాట ఎంపికే కాకపోతే అది స్కాన్ బొమ్మ. అడ్డదిడ్డమైన ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ పడితే, అది డీటీపీ సెంటర్లో అను లాంటి పాత ఫాంటుతో కొట్టిన పేజీ. ఆ ఫాంట్లలో కంప్యూటరు దాచుకునేది ఇంగ్లీషు సంకేతాలనే. వాటి మీద తలకట్టూ గుడీ వత్తూ బొమ్మలుగా వేస్తుంది. కంటికి అచ్చతెలుగు, తెరమీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు గోల. చూపులేని కుర్రాడు టాక్‌బ్యాక్ (ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండే స్క్రీన్ రీడర్) పెట్టుకుని ఆ పేజీ తెరిస్తే వినపడేది పాఠం కాదు, అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల వరస.

యూనికోడ్‌లో కొట్టిన పీడీఎఫ్‌ను కూడా పూర్తిగా నమ్మకండి. పీడీఎఫ్ అచ్చుకోసం పుట్టింది. అది ముందుగా దాచుకునేది అక్షరాల ఆకారాలను. తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌ను బట్టి కాపీ చేసేటప్పుడు వత్తులు జారిపోతాయి, గుణింతం గుర్తులు పక్క అక్షరానికి అంటుకుంటాయి. అందుకని పీడీఎఫ్ అచ్చు వేసుకునేవాళ్ళకే ఇవ్వండి. చదవడానికి వెబ్‌పేజీ గానీ ఈపబ్ అనే ఈ-పుస్తకం గానీ ఇవ్వండి. రెండూ చేతకాకపోతే మామూలు వర్డ్ ఫైలైనా పీడీఎఫ్ కన్నా నయం.

పాత పాఠాలను మార్చడానికి దారి ఇది. పేజ్‌మేకర్ ఫైలు డీటీపీ ఆపరేటర్ దగ్గర ఇంకా ఉంటే, యూనికోడ్ మార్పిడి పరికరాలు చాలా పని చేసిపెడతాయి. మిగిలేది ప్రూఫు చూసుకోవడం. కాగితమే మిగిలితే 300 డీపీఐలో, పేజీ వంకర లేకుండా స్కాన్ చేసి, టెసరాక్ట్ గానీ గూగుల్ డాక్స్ గానీ పెట్టి అక్షరాలు రాబట్టాలి. తప్పులు ఎక్కువగా వచ్చేవి కొన్ని చోట్లే: వత్తులు, పూర్ణానుస్వారం సున్నా అంకెగా మారడం, ప–వ–ష–స తారుమారు కావడం, పట్టికల్లో గళ్ళు కలిసిపోవడం. అంకెలను మాత్రం ఇద్దరు చూడాలి. మాటలో తప్పును పిల్లలు సందర్భాన్ని బట్టి సరిచేసుకుంటారు, 0.3 ఆంపియర్ 3 ఆంపియర్ అయితే దాన్ని పట్టుకునే ఆధారం వాళ్ళ దగ్గర ఉండదు. చట్టం గురించి భయపడేవాళ్ళకు ఒక మాట: వైకల్యం ఉన్నవాళ్ళకు అందే రూపంలోకి పుస్తకాన్ని మార్చడానికి 2012 కాపీరైట్ సవరణ వెసులుబాటు ఇచ్చింది. ఇలాంటి పనికోసమే 2013లో కుదిరిన మరాకేష్ ఒప్పందాన్ని అందరికన్నా ముందు ఆమోదించిన దేశం మనదే.

వర్డ్‌లో కొట్టేటప్పుడు శీర్షికను లావు అక్షరాలు చేసి ఊరుకోవద్దు. హెడింగ్ స్టైల్ పెట్టండి. ఎన్‌వీడీఏ అనే కంప్యూటర్ స్క్రీన్ రీడర్ వాడే పిల్ల హెచ్ మీట నొక్కుతూ శీర్షిక నుంచి శీర్షికకు గెంతుతుంది. స్టైల్ లేకపోతే ముప్పై పేజీలూ మొదటినుంచి వినాల్సిందే. వెబ్‌పేజీ అయితే భాష తెలుగని లోపల కోడులో ప్రకటించాలి. ఆ ఒక్క ముక్క మరిచిపోతే కొన్ని ఫోన్లలో ఇంగ్లీషు గొంతు తెలుగు మాటలన్నీ మింగేసి మధ్యలో వచ్చే అంకెలు మాత్రం చదువుకుంటూ పోతుంది.

చూపు బాగానే ఉన్నా చదవడంలో తడబడే పిల్లల సంగతి. వైకల్యం ఉన్నవాళ్ళకోసం చేసిన 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలుండేవి, దాని స్థానంలో వచ్చిన 2016 చట్టం వాటిని 21 చేసింది. డిస్లెక్సియా లాంటి అభ్యసన ఇబ్బందులు అందులో పేరుపెట్టి చేరాయి. వీళ్ళకోసం లైను ఎత్తును (అక్షరం సైజుకు ఎన్ని రెట్లు అన్నది) ఇంగ్లీషు లెక్కలో పెడితే తెలుగు దెబ్బతింటుంది. "రాష్ట్రీయ" అన్న మాట చూడండి. పైన గుడిదీర్ఘం, కింద ట వత్తు, దానికి రావత్తు. ఇంగ్లీషుకు సరిపోయే ఒకటింపావు ఎత్తులో పై లైను వత్తులు కింది లైను గుడుల్లోకి దిగుతాయి. తెలుగుకు 1.6 నుంచి 1.8 కావాలి. ఫోనులో అక్షరం 18 పిక్సెళ్ళకు తగ్గకూడదు. నోటో సాన్స్ తెలుగు, మండలి లాంటి తేటైన ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి. పెళ్ళి శుభలేఖల ఫాంట్లు పాఠాల్లోకి తేవద్దు. అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎడం పెంచమనే సలహా తెలుగుకు పనికిరాదు, దాని బదులు మాటల మధ్య ఎడం పెంచండి. రెండువైపులా సమానంగా సర్దడం కూడా మానండి. మన మాటలు పొడుగు కాబట్టి సన్నని తెరమీద లైను మధ్యలో పెద్ద పెద్ద గుంటలు పడతాయి, తడబడే కన్ను ఆ గుంటల్లోనే దారి తప్పుతుంది. వాలు అక్షరాలు తెలుగులో ఎవరికీ మేలు చెయ్యవు.

ఓమ్ నియమం పాఠం తీసుకుందాం

పదో తరగతి భౌతికశాస్త్రంలో ఈ ఒక్క పాఠం చాలు, చిక్కులన్నీ అందులోనే ఉన్నాయి. వలయం బొమ్మ, గ్రాఫు, సూత్రం, లెక్క.

బొమ్మకు ప్రత్యామ్నాయ వివరణగా "విద్యుత్ వలయం" అని రాసి చేతులు దులుపుకోవడం మామూలు. విన్న పిల్లకు అందులో ఏముంది? ఇలా రాయాలి: "బ్యాటరీ, స్విచ్చి, అమ్మీటరు, నిరోధం ఒకదాని తరవాత ఒకటి శ్రేణిలో కలిపి ఉన్నాయి. వోల్ట్‌మీటరును నిరోధం రెండు కొసలకూ సమాంతరంగా కలిపారు." రెండు వాక్యాలే. బొమ్మలో పిల్లలు నేర్చుకోవాల్సింది ఏ మీటరు ఎలా కలుస్తుందన్నదే, అది మాటల్లోకి వచ్చింది. బ్యాటరీ ఎర్రగా ఉందా నీలంగా ఉందా అన్నది అక్కర్లేదు. ఈ వివరణ రాయడం ఉపాధ్యాయుడి పని. వెబ్‌సైటు చేసే కుర్రాడికి వదిలేస్తే బొమ్మలో కనిపించేదంతా రాస్తాడు, పాఠానికి కావాల్సింది వదిలేస్తాడు.

గ్రాఫుకు పట్టిక ఇవ్వండి. 1.5 వోల్టులకు 0.15 ఆంపియర్, 3కు 0.30, 4.5కు 0.45, 6కు 0.60. ప్రతి వరసలోనూ వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే 10 ఓమ్‌లే వస్తుంది. చూపులేని పిల్ల ఈ పట్టికనుంచే నిష్పత్తి పట్టుకుంటుంది. చూపున్నవాడు గ్రాఫు కాగితం మీద తానే గీసుకుంటాడు, అది వాడికీ మేలు. రెండు తీగలను పోల్చేటప్పుడు ఎర్ర గీత, ఆకుపచ్చ గీత గీసి "ఎర్రది ఏది సూచిస్తుంది?" అని అడగొద్దు. ఎరుపు–ఆకుపచ్చ తేడా తెలియని వర్ణాంధత మగపిల్లల్లోనే ఎక్కువ, చాలామందికి తమకు ఉన్నట్టే తెలియదు. ఒక గీత నిండుగా, ఇంకోటి చుక్కలుగా గీసి, గీత పక్కనే పేరు రాస్తే సరి. అక్షరాల రంగు, వెనక రంగు మధ్య తేడా కనీసం 4.5కి 1 నిష్పత్తిలో ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి. తెల్లకాగితం మీద లేత బూడిద రంగు అక్షరాలు అందులో తప్పుతాయి, ఎండలో నిలబడి ఫోను చూసే ఎవరికైనా తప్పుతాయి.

సూత్రాలను బొమ్మగా అతికించడం పెద్ద నేరమని నేనంటాను. స్క్రీన్ రీడర్ "బొమ్మ" అని ఊరుకుంటుంది. వెబ్‌పేజీల్లో గణితం రాసే మ్యాథ్‌ఎంఎల్‌లో రాయండి, దాని కిందే తెలుగులో ఎలా చదవాలో ఒక వాక్యం పెట్టండి. సమాంతర నిరోధాల సూత్రం క్లాసులో ఎలా చదువుతారు? "వన్ బై ఆర్ ఈక్వల్స్ వన్ బై ఆర్ వన్ ప్లస్ ఆర్ టూ" అని గబగబా, రెండో "వన్ బై" మింగేసి. బల్లమీద చూసేవాడికి ఫరవాలేదు. వినేవాడికి మాత్రం రెండు నిరోధాలనూ కూడి, ఆ మొత్తం మీద ఒకటి అన్నట్టు వినిపిస్తుంది. 10, 20 ఓమ్‌లు సమాంతరంగా కలిపితే రావలసింది సుమారు 6.67 ఓమ్‌లు, అలా విన్నవాడికి 30 వస్తుంది. "లవం 1, హారం ఆర్ వన్, దానికి కూడాలి: లవం 1, హారం ఆర్ టూ" అంటే తికమక లేదు. లవం, హారం మనకు ఎంత పనికొచ్చే మాటలో ఇక్కడ తెలుస్తుంది.

ఇక బల్ల దగ్గర మాట. "దీన్ని దీంతో గుణిస్తే ఇది వస్తుంది, దీన్ని ఇటు తీసుకొస్తే అది పోతుంది." తెలుగు క్లాసుల్లో రోజూ వినే వాక్యమే. ఆడియో మాత్రమే వినేవాళ్ళకు ఇందులో ఒక్క విషయమూ లేదు. "0.3 ఆంపియర్లను 10 ఓమ్‌లతో గుణిస్తే 3 వోల్టులు" అనాలి. ముందే రాసిన పాఠం చేతిలో పెట్టుకుని చెప్పేవాళ్ళు ఇలాగే మాట్లాడతారు, ఎందుకంటే కాగితం మీద "ఇది, అది" అని ఎవరూ రాయరు. అక్షరం ముందు ఉండాలనడానికి నాకు అన్నిటికన్నా గట్టి కారణం ఇదే. అది వీడియోను కూడా బాగుచేస్తుంది.

వీడియో అక్కర్లేదని నేననడం లేదు. మీటరు ముల్లు కదలడం చూపించాలి, తీగలు ఎలా బిగించాలో చూపించాలి. అందుకు మూడు నాలుగు నిమిషాలు చాలు. 2014లో ఎడెక్స్ అనే ఆన్‌లైన్ చదువుల వేదిక కోర్సుల మీద, 69 లక్షల వీక్షణలను పరిశీలించిన ఒక అధ్యయనంలో, వీడియో ఎంత పొడుగైనా జనం నిలిచి చూసింది ఆరు నిమిషాల లోపేనని తేలింది. వాళ్ళు ఇష్టపడి చేరిన పెద్దవాళ్ళు, మన పదో తరగతి పిల్లలు కారు. కాబట్టి ఆరును వేదవాక్యం చేసుకోనక్కర్లేదు. కానీ నలభై మాత్రం కాదు.

వినపడని పిల్లలకు

ఉపాధ్యాయుడు బల్లవైపు తిరిగి మాట్లాడితే పెదాలు చదివే పిల్లకు పాఠం అక్కడే ఆగిపోతుంది. ఇది ముందు సరిదిద్దుకోవాలి, దీనికి పైసా ఖర్చు లేదు. తరవాత ఉపశీర్షికలు. పాఠం అక్షరాల్లో ముందే ఉంటే ఉపశీర్షికలు కొత్తగా కొట్టే పని లేదు, ఏ వాక్యం ఏ సెకనుకు రావాలో సర్దడమే మిగులుతుంది. ఒకసారికి రెండు లైన్లు, లైనుకు అయిదారు మాటలు. ఎస్‌ఆర్‌టీ అనే ఉపశీర్షికల ఫైలును నోట్‌ప్యాడ్‌లో దాచేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ఎంచుకోవాలి, ఆన్సీ అని ఉంటే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది. యంత్రం రాసిన ఉపశీర్షికలను దిద్దకుండా వదలొద్దు. అది తడబడేది అంకెల దగ్గర, పారిభాషిక పదాల దగ్గర, అంటే సరిగ్గా పాఠం ఉన్న చోటే. ఉపశీర్షికలను వీడియోలోనే ముద్రించెయ్యకుండా విడి ఫైలుగా పెట్టండి, పెద్దవి చేసుకునే వీలుంటుంది.

అయితే ఉపశీర్షికలతో పని అయిపోయిందనుకోవడం వినేవాళ్ళ భ్రమ. పుట్టుకతో వినికిడి లేక సైగలతో పెరిగిన పిల్లకు రాసిన తెలుగు రెండో భాష. "వలయాన్ని పూర్తిచేసి, స్విచ్చి వేసి, రీడింగు తీసుకుని, దాన్ని పట్టికలో రాసి, నిష్పత్తి కట్టి చూడగా" అని అసమాపక క్రియలు గొలుసుగా అల్లితే ఆమెకు అందదు. ఒక పనికి ఒక వాక్యం రాయాలి. ఈ కత్తిరింపు డిస్లెక్సియా పిల్లలకూ, ఇంట్లో గోండి, కోయ, సవర మాట్లాడే పిల్లలకూ పనికొస్తుంది. సైగల అనువాదం ఉంటే దాన్ని మూలనున్న బుల్లి చదరంలో ఇరికించకండి. అయిదున్నర అంగుళాల తెరమీద ఆ చదరంలో వేళ్ళు కనిపించవు. విడి వీడియోగా, తెరనిండా ఇవ్వాలి. ఒక రంగు గోడ, దానికి తేడా తెలిసే ఒక రంగు చొక్కా, నడుం నుంచి తలపై దాకా చేతులు ఫ్రేములో ఉండాలి. 2020లో ఎన్‌సీఈఆర్‌టీతో పాఠ్యపుస్తకాల అనువాదానికి ఒప్పందం చేసుకున్న భారతీయ సంకేత భాషా కేంద్రం 2021 నాటికి తన నిఘంటువును పదివేల పదాలకు పెంచింది. శాస్త్ర పదాలకు సొంతంగా సైగలు కల్పించే ముందు అందులో చూసుకోవడం మంచిది.

రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఉండే పుస్తకాలు వచ్చాయి. కాగితం మీద అది మంచి ఏర్పాటు. అదే పేజీల జతను యథాతథంగా ఫోనులోకి తెస్తే రెండూ చీమల బారులు. తెరమీద పేజీకి పేజీ ఎదురెదురుగా కాకుండా, పేరా కింద మీట నొక్కితే అదే పేరా రెండో భాషలో రావాలి. పారిభాషిక పదం మొదటిసారి వచ్చినచోట నిరోధం, రెసిస్టెన్స్ అని రెండు పేర్లూ, ఇంగ్లీషు స్పెల్లింగుతో సహా ఇవ్వండి. ఇంటర్‌కు వెళ్ళాక వాళ్ళకు ఎదురయ్యేది రెండోదే. ఉర్దూ మాధ్యమం పిల్లలకోసం అదే పాఠాన్ని కుడినుంచి ఎడమకు తిప్పేటప్పుడు, వలయంలో ప్రవాహ దిశ బాణాలు కూడా పేజీతోపాటు తిరగకుండా చూసుకోవాలి.

ఈ వైవిధ్యం మాటను అడ్డం పెట్టుకుని అమ్ముడుపోయే సరుకు ఒకటుంది. "మీ పిల్లవాడు చూసి నేర్చుకునే రకమా, విని నేర్చుకునే రకమా, చేసి నేర్చుకునే రకమా" అని పది ప్రశ్నల పరీక్ష పెట్టి, దాన్నిబట్టి పాఠం మారుస్తామంటారు. అలా రకానికి తగ్గట్టు చెబితే బాగా నేర్చుకుంటారనడానికి సరైన ఆధారం లేదని 2008లో నలుగురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ తిరగేసి తేల్చారు. చూపులేకపోవడం అవసరం. ఫోను రాత్రే దొరకడం అవసరం. "నేను విజువల్ లెర్నర్‌ని" అన్నది అభిరుచి. అభిరుచికి పెట్టే డబ్బు అవసరానికి పెడితే సగం పిల్లల కష్టాలు తీరుతాయి.

పరీక్షలో పడే రాళ్ళు

పాఠం ఎంత బాగా చేసినా ప్రశ్నల దగ్గర అంతా పాడవుతుంది. ఖాళీలు పూరించమనే ప్రశ్నను యంత్రం దిద్దితే అక్షరం అక్షరం సరిపోలాలి. తెలుగులో అది వలలా బిగుసుకుంటుంది. "వోల్ట్‌మీటరు" అన్న మాటలో ట పొల్లుకూ, "మీ" అనే అక్షరానికీ మధ్య కంటికి కనిపించని ఒక విడదీసే సంకేతం ఉంటుంది. ఒక కీబోర్డు దాన్ని పెడుతుంది, ఇంకోటి పెట్టదు, మూడోది ఖాళీ వదులుతుంది. మూడూ సరైన జవాబులే, యంత్రం రెండింటికి సున్నా వేస్తుంది. పోల్చే ముందు ఆ అదృశ్య సంకేతాలనూ ఖాళీలనూ తీసెయ్యాలి, మీటర్–మీటరు లాంటి రూపాలన్నీ జవాబుల జాబితాలో చేర్చాలి. లేదంటే జవాబు అంకెల్లో వచ్చేలా ప్రశ్న అడగండి.

బొమ్మలను లాగి సరైన చోట వదలమనే ప్రశ్నలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. టాక్‌బ్యాక్‌తో వాడేవాళ్ళకు, చేతులు వణికేవాళ్ళకు అవి గోడలు. అదే జతపరచడాన్ని పక్కన జాబితాలోంచి ఎంచుకునేలా పెట్టొచ్చు. బటన్లు వేలికి అందేంత ఉండాలి. ప్రమాణాల్లో కనీసం 24 పిక్సెళ్ళన్నారు, నేనైతే 44కి తగ్గనివ్వను.

సెకన్లు లెక్కపెట్టే గడియారం ఏం కొలుస్తుందో ఆలోచించండి. ఓమ్ నియమం తెలుసా అని అడుగుతూ, చదివే వేగాన్నీ నెట్ వేగాన్నీ కొలుస్తున్నాం. సాధన ప్రశ్నలకు గడియారం తీసెయ్యండి. మార్కుల పరీక్షకు తప్పదంటే, మూడిల్ అనే ఆన్‌లైన్ బోధన సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో విద్యార్థికో గుంపుకో అదనపు సమయం ఇచ్చే ఏర్పాటు ఉంది, దాన్ని పరీక్ష రోజు కాకుండా చేరిన రోజే పెట్టాలి. నెట్ మధ్యలో పోతే రాసినంతవరకు ఫోనులోనే నిలవాలి. తప్పు జవాబుకు "తప్పు" అని ఎర్ర గుర్తు చూపి వదలకుండా, 0.3ను 10తో భాగించి 0.03 వోల్టులని చెప్పినవాడికి "ప్రవాహాన్ని నిరోధంతో గుణించాలి, నువ్వు భాగించావు" అని చెప్పండి. ఏ తప్పు జవాబు ఏ పొరపాటునుంచి పుడుతుందో ముందే రాసుకున్నవాళ్ళకే ఇది సాధ్యం.

ఒకరి మేలు ఇంకొకరికి కీడు అయ్యే చోట్లూ ఉన్నాయి, వాటిని దాచిపెట్టి లాభం లేదు. కదిలే బొమ్మ వినపడని పిల్లకు చక్కగా పనికొస్తే, దృష్టి నిలవని పిల్లాడికి అదే తెరంతా ఈగలా తిరుగుతుంది. కాబట్టి బొమ్మ తనంతట తాను కదలకూడదు, నొక్కితేనే కదలాలి. నలుపు మీద తెలుపు కొందరికి హాయి, కొందరికి అక్షరాలు ఈదుతాయి. ఇక్కడ ఎంపిక ఇవ్వక తప్పదు. అలాగని పదిహేను సెట్టింగుల పేజీ ఒకటి తయారుచేస్తే అదో కొత్త అడ్డంకి. అక్షరం సైజు, తెర రంగు, వినిపించు, భాష: ఈ నాలుగు మీటలూ పాఠం పైనే ఉంటే చాలు.

విడుదలకు ముందు అరగంట పరీక్ష ఉంది. రెండు జీబీ ర్యామ్ ఉన్న పాత ఫోను తీసుకోండి. మొదట వీడియో శబ్దం ఆపి పాఠం అర్థమవుతుందా చూడండి. తరవాత శబ్దం పెట్టి ఫోను బోర్లా తిప్పి వినండి. టాక్‌బ్యాక్ వేసి కళ్ళు మూసుకుని మొదటి ప్రశ్నదాకా వెళ్ళి జవాబు ఇచ్చి చూడండి. తెరను నలుపు–తెలుపు చేసి గ్రాఫు చదవండి. అక్షరాన్ని రెట్టింపు చేసి, తెరను పక్కకు లాగకుండా లైను చివరిదాకా చదవగలరా చూడండి. చివరగా పాఠం తెరిచి ఉండగానే ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసి, ముందుకు పోతుందా లేదా చూడండి. బడిలో నెట్టే లేకపోతే కోలిబ్రి లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఒక చిన్న కంప్యూటర్లో పెట్టి, వైఫై మీదే పాఠాలు పంచవచ్చు. పైన చెప్పిన ఆరు పరీక్షల్లో చూపులేని వాళ్ళకు సంబంధించినవి, వీలైతే చూపులేని విద్యార్థి చేతే చేయించండి, డబ్బు ఇచ్చి. మనం కళ్ళు మూసుకుని చేసేది ఉజ్జాయింపు మాత్రమే.

పాఠం పెట్టాక ఎవరో ఒకరు తప్పు పట్టుకుంటారు. అమ్మీటరును సమాంతరంగా కలపాలని ఎక్కడో దొర్లి ఉంటుంది. వీడియోలో అయితే మళ్ళీ తియ్యాలి, మళ్ళీ ఎక్కించాలి, లింకు మారుతుంది, పాత లింకు గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటుంది. అక్షరంలో అయితే ఒక మాట మార్చడమే. ఆడియో, బ్రెయిలీ మళ్ళీ తీసుకోవడం దాని వెనకే. కాకపోతే నెట్ లేనప్పటికోసం ముందే దింపుకున్న పిల్లల ఫోనుల్లో పాత పాఠమే ఉంటుంది. అందుకే శీర్షిక కిందే సవరించిన తేదీ, ఏం సవరించారో ఒక లైను రాసి, ఆ లైనునే గ్రూపులోనూ పెట్టాలి.